ఇంట్లో రైఫిల్ బిగిస్తే జైలు. మరి డ్రోన్ బిగిస్తే?

పీసీ బిల్డ్ వీడియోలు వరసపెట్టి చూసేవాళ్లకి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. మొదట రైజెన్ ప్రాసెసర్, తర్వాత కస్టమ్ కీబోర్డు, ఆ తర్వాత ఏదో స్క్రూడ్రైవర్ సెట్ రివ్యూ... అలా అల్గారిదం లాక్కెళ్లి లాక్కెళ్లి ఒక రోజు అమెరికాలో ఎవరి గ్యారేజీలోనో కూర్చోబెడుతుంది. అక్కడ బల్ల మీద ఉండేది మదర్‌బోర్డు కాదు, ఏఆర్-15 రైఫిల్. బ్యారెల్ ఒక కంపెనీది, స్టాక్ ఇంకో కంపెనీది, ట్రిగ్గర్ మూడో కంపెనీది. మాట్లాడే తీరు మాత్రం అచ్చం మన రివ్యూల తీరే. ఈ ధరకి ఈ పార్టు బెస్ట్, బడ్జెట్ లేకపోతే ఇది తీసుకోండి, దీని ఫిట్టింగ్ కాస్త టైట్‌గా ఉంది అంటూ సాగుతుంది.

మన దగ్గర కుదురుతుందా అనే సందేహం ఎవరికైనా ఉంటే ముందే తీర్చేద్దాం. కుదరదు. ఆయుధాల చట్టం, 1959 ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేయకూడదు, మార్పులు చేయకూడదు, వ్యాపారంగా రిపేరు కూడా చేయకూడదు. పార్టులు తెచ్చుకున్నా గానీ ఇంకా బిగించలేదు సార్ అనే వాదన నిలవదు. ఆ చట్టంలో ఆయుధం అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తయారీకి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఈ విషయంలో నాకు చట్టం మీద ఫిర్యాదేమీ లేదు. 2022 జులైలో జపాన్ మాజీ ప్రధాని షింజో అబేని చంపింది ఇంట్లో చేసుకున్న తుపాకీయే. అలాంటిది మన వీధిలో ఒకటి తక్కువైతే నష్టపోయేవాళ్లు ఎవరూ లేరు.

అయితే ఆ వీడియోల్లో ఒక సంగతి మాత్రం గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లు ఎవరైనా పట్టించుకోవాల్సిందే. పది కంపెనీల పార్టులు కలిసి ఒక వస్తువైనప్పుడు, అందులో అసలు 'వస్తువు' ఏది?

అమెరికా చట్టం 1968 నుంచీ దీనికి ఒక జవాబు పెట్టుకుంది. తుపాకీలో రిసీవర్ అనే ఒక్క భాగమే చట్టం దృష్టిలో తుపాకీ. సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది, కొనేవాడి బ్యాక్‌గ్రౌండ్ చెక్ దానికే జరుగుతుంది. మిగతావన్నీ ఫోన్ కవర్ కొన్నట్టు పోస్టులో తెప్పించుకోవచ్చు. ఏఆర్ డిజైన్ మీద అసలు పేటెంట్లు 1970ల్లోనే అయిపోయాయి. కొలతలు అందరికీ తెలుసు కాబట్టి ఎవరు చేసిన పార్టైనా ఎవరి దాంట్లోనైనా కూర్చుంటుంది. మన ఏటీఎక్స్ మదర్‌బోర్డు కథ లాంటిదే ఇది కూడా. ఆ తర్వాత కొందరు సగం చేసిన రిసీవర్లని కిట్లుగా అమ్మడం మొదలెట్టారు. పూర్తి కాలేదు కాబట్టి ఇది తుపాకీ కాదు, నంబర్ అక్కర్లేదు అన్నారు. 2022లో అక్కడి ప్రభుత్వం అలాంటి కిట్లు కూడా తుపాకీలే అని రూలు తెచ్చింది, 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2తో ఆ రూలుని సమర్థించింది. అంటే ఏది వస్తువు, ఏది పార్టు అనే గొడవ తేలడానికి వాళ్లకి యాభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు మన సముద్రం ఒడ్డుకి వద్దాం.

నెల్లూరు తీరంలో పార్టులు బిగించడం అనేది ఎవరూ హాబీగా చూడరు, అది రోజువారీ పని. రొయ్యల గుంట దగ్గర తిరిగే ఏరియేటర్ చూడండి. మోటారు ఒకరిది, గేర్‌బాక్స్ ఇంకొకరిది, రెక్కలు మూడో వాళ్లవి, స్టార్టర్ ప్యానెల్ ఊళ్లో ఎలక్ట్రీషియన్ కట్టింది. అర్ధరాత్రి కరెంటు పోతే గుంటలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి కాబట్టి, ఏ పార్టు చెడితే దేంతో సర్దాలో అక్కడ పిల్లలక్కూడా తెలుసు. మత్స్యకారుల ఫైబర్ బోటూ అంతే. ఇంజిన్ ఒక చోటిది, షాఫ్టు ఒక చోట చేయించింది, జీపీఎస్ ఇంకెక్కడో కొన్నది. ఆ మాటకొస్తే ఈ తీరంలో అన్నిటికంటే పెద్ద కస్టమ్ బిల్డ్ శ్రీహరికోటలో జరుగుతుంది. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. పీఎస్ఎల్‌వీ భాగాలు ఎల్ అండ్ టీ, గోద్రెజ్, హెచ్ఏఎల్ లాంటి ఎన్నో కంపెనీల నుంచి వచ్చి అక్కడే ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. 2022 నవంబరులో హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-ఎస్‌ని ఎగరేసిందీ అక్కణ్నుంచే.

ఇలాంటి చోట పెరిగిన కుర్రాడికి డ్రోన్ మీద మనసు పడితే షోరూమ్‌కి వెళ్తాడా? వెళ్లినా కొనడానికి పెద్దగా ఏమీ దొరకదు. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడదీసి కిట్‌లా తెచ్చినా అదే నిషేధం. కానీ విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు. దాంతో మామూలు హాబీ కుర్రాడికి మిగిలిన దారి ఒక్కటే, పార్టులు కొని బిగించుకోవడం. పినాకిని ఎక్కి చెన్నై దిగి రిచీ స్ట్రీట్‌లో కొన్ని ఏరుకుంటాడు, మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడు. ఫ్రేమ్ ఒకటి, మోటార్లు టీ-మోటార్‌వో ఐఫ్లైట్‌వో, ఫ్లైట్ కంట్రోలర్ స్పీడీబీ, రిమోట్ రేడియోమాస్టర్, కెమెరా ఫాక్సీర్ లేదా క్యాడెక్స్. అన్నీ కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్, అది ఉచితం, ఓపెన్ సోర్స్.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు చదువంతా ఇక్కడే ఉంది. పీసీలో కేబుల్ తప్పుగా పెడదామన్నా దూరదు. డ్రోన్‌లో అలాంటి దయ లేదు. బోర్డు బిగించే రంధ్రాల దూరం విషయంలో కంపెనీలన్నీ ఒక మాట మీద ఉన్నాయి, 30.5 మిల్లీమీటర్లు లేదా 20 మిల్లీమీటర్లు. కానీ ఫ్లైట్ కంట్రోలర్‌నీ, మోటార్లకి కరెంటు పంచే ఈఎస్‌సీనీ కలిపే ఎనిమిది పిన్నుల కనెక్టర్ చూడండి. సాకెట్ సైజు ఒకటే, క్లిక్‌మని కూర్చుంటుంది, కానీ ఏ పిన్నులో ఏం వస్తుందనే వరస కంపెనీని బట్టి మారుతుంది. ఒకరి బోర్డులో బ్యాటరీ పాజిటివ్ ఉన్న చోట ఇంకొకరి బోర్డులో సిగ్నల్ ఉండొచ్చు. ఫుల్ చార్జ్ అయిన 6ఎస్ బ్యాటరీ అంటే 25.2 వోల్టులు. మూడు వోల్టుల చిప్పులోకి అది దూరితే ఒక చిన్న పొగ, ఒక వాసన, నాలుగైదు వేలు గోవిందా. అందుకే రెండు కంపెనీల బోర్డులు కలిపేటప్పుడు ఇద్దరి పిన్ డయాగ్రామ్‌లూ పక్కపక్కన పెట్టుకుని, అవసరమైతే వైర్లు పీకి మార్చి, మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మధ్యలో స్మోక్ స్టాపర్ పెట్టాలి. అది కొన్ని వందల రూపాయల వస్తువు. మన వాళ్లు మాత్రం ఎక్కువగా రెండో ఫ్లైట్ కంట్రోలర్ కొన్న తర్వాతే దాన్ని కొంటారు.

సముద్రం గాలి సంగతి మైదాన ప్రాంతాల రివ్యూలు చెప్పవు. మైపాడు బీచ్‌లోనో కోడూరు బీచ్‌లోనో నాలుగు వారాలు ఎగరేస్తే మోటారు బేరింగులు గరగరమంటాయి, స్క్రూలకి తుప్పు పడుతుంది. బోర్డులకి కన్ఫార్మల్ కోటింగ్ లేకుండా ఈ తీరంలో ఎగరేయడం డబ్బు దండగ. ఇసుకలో దింపితే మోటారులోని అయస్కాంతాలకి నల్ల ఇసుక అంటుకుంటుంది, ఊదితే పోదు. చిన్న ప్లాస్టిక్ షీట్ ఒకటి పరిచి దాని మీద నుంచి లేపడం నేర్చుకోండి.

రేడియో విషయం ఇంకా ముఖ్యం. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ మాడ్యూల్ కొనేటప్పుడు 915 మెగాహెర్ట్జ్ అని రాసున్నది చవగ్గా కనిపిస్తుంది, రేంజ్ కూడా ఎక్కువ. అది అమెరికా వాళ్ల బ్యాండు. మన దగ్గర ఆ చుట్టుపక్కల మొబైల్ నెట్‌వర్కులు ఉన్నాయి. మనకి లైసెన్స్ అక్కర్లేకుండా వదిలింది 865 నుంచి 868 వరకే. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఐఎన్866 అని మన దేశం కోసమే ఒక ఆప్షన్ ఉంది, దాన్ని ఎంచుకోవాలి. అదంతా ఎందుకు అనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ తీసుకోండి, హాబీకి ఆ రేంజ్ బోలెడు.

సరే, బిగించాం. చట్టం ఏమంటుంది?

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ నిజంగా బాగా రాసిన రూల్స్. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, వ్యాపారానికి వాడకపోతే మైక్రోకీ అక్కర్లేదు. చదువు, పరిశోధన, సరదా కోసం కంటికి కనపడేంత దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. అంటే ఇంట్లో బిగించే కుర్రాణ్ని ఈ రూల్స్ గుర్తించాయి. అయితే యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి, జోన్ మ్యాప్ చూసుకోవాలి. గాగుల్స్ పెట్టుకుని ఎగరేసేవాళ్లు పక్కన డ్రోన్ మీద కన్నేసి ఉంచే ఫ్రెండ్ ఒకడు లేకుండా ఎగరేయకండి.

ఆ యూఐఎన్ దేనికి ముడిపడి ఉంటుందో గమనించారా? డ్రోన్ సీరియల్ నంబర్‌తో పాటు దాని ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ నంబర్‌కి, రిమోట్ నంబర్‌కి. ఈ రెంటిలో ఏది మార్చినా 7 రోజుల్లో వివరాలు అప్‌డేట్ చేయాలి. రెక్కలు మార్చుకో, మోటార్లు మార్చుకో, ఫ్రేమ్ విరిగితే ఇంకోటి వేసుకో, ఆ మెదడూ ఆ రిమోటూ ఎవరివో మాత్రం మాకు తెలియాలి అంటోంది రూలు. అమెరికాలో రిసీవర్‌కి ఇచ్చిన స్థానం మన డ్రోన్‌లో ఫ్లైట్ కంట్రోలర్‌ది. నా దృష్టిలో ఇది చాలా తెలివైన ఆలోచన. బిగించుకునే స్వేచ్ఛ బిగించేవాడికి ఉంటుంది, బాధ్యుడెవరో ప్రభుత్వానికి తెలుస్తుంది.

2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖ కొత్త సివిల్ డ్రోన్ బిల్లు ముసాయిదాని బయటపెట్టింది. అందులోని ఆలోచన వేరు. టైప్ సర్టిఫికెట్ లేకుండా డ్రోన్ తయారు చేయడం, అసెంబుల్ చేయడం, అమ్మడం కుదరదంటుంది. ఉల్లంఘిస్తే జరిమానాతో ఆగదు, జైలు దాకా వెళ్తుంది. ఒక్క మాటలో, డ్రోన్‌ని రైఫిల్ పక్కన కూర్చోబెట్టే ప్రయత్నం ఇది. తుపాకీ విషయంలో 'బిగించడమే నేరం' అనడాన్ని నేను ఒప్పుకున్నాను. డ్రోన్ విషయంలో ఒప్పుకోను. కారణం సింపుల్. తుపాకీకి ఉన్నది ఒకే పని. డ్రోన్‌కి ఉన్న పనుల్లో కొన్నిటిని మనమే కళ్లారా చూశాం. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు సింగ్‌నగర్ వైపు మేడల మీదున్న వాళ్లకి అన్నం పొట్లాలు, మందులు డ్రోన్లే మోశాయి.

టైప్ సర్టిఫికెట్ అనేది ఒక మోడల్‌ని వందలు, వేలు చేసి అమ్మే కంపెనీ కోసం పుట్టింది. ఒక డిజైన్ పరీక్షకి ఇస్తారు, పాసైతే అదే డిజైన్‌ని మళ్లీ మళ్లీ చేస్తారు. ఇంట్లో బిగించేది ఒకటే, అది కూడా వచ్చే నెలకి వేరే మోటార్లతో ఉంటుంది. దానికి సర్టిఫికెట్ అడగడం అంటే మా అమ్మ పెట్టే ఆవకాయకి ఏటా ఆహార భద్రతా లైసెన్స్ అడిగినట్టు.

ఇంకో వైపు రాష్ట్ర ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా చూడండి. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ పెట్టి పున్నమి ఘాట్ ఆకాశంలో 5,500 డ్రోన్లతో బొమ్మలు గీసింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో డ్రోన్ సిటీ కడతామంటోంది. మంచిదే. మరి అక్కడ పనిచేసే ఇంజినీర్లు ఎక్కణ్నుంచి వస్తారు? కాలేజీ ల్యాబులో రెడీమేడ్ కిట్టుని అద్దాల బీరువాలో చూసినవాడా, రెండు కంపెనీల బోర్డులు కలిపి ఒకటి కాల్చుకుని, రెండోది ఎగరేసినవాడా? ఇంటర్వ్యూ చేసేవాణ్ని నేనైతే ఎవణ్ని తీసుకుంటానో వేరే చెప్పక్కర్లేదు.

అవతలి వాదనలో బలం లేదని కూడా నేను అనను. లెక్క వేసి చూడండి. 700 గ్రాముల ఐదంగుళాల డ్రోన్ గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి దాదాపు 270 జౌల్స్. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ 20 జౌల్స్ దాటితే లైసెన్స్ కావాలి. అంటే మన బొమ్మ దానికి పదమూడు రెట్లు బలంగా కొట్టగలదు, దాని మీద నాలుగు కత్తుల్లాంటి రెక్కలు కూడా. వినాయక చవితి ఊరేగింపు మీద ఎగరేసేవాణ్ని చూస్తే నాకూ భయమే. మొదటి బిల్డ్‌గా ఐదంగుళాలది వద్దని చెప్పేది అందుకే. అరచేతిలో పట్టే 65 మిల్లీమీటర్ల వూప్‌తో మొదలెట్టండి, ముప్పై గ్రాములు కూడా ఉండదు, ముఖానికి తగిలినా అమ్మ చేతి తిట్లు తప్ప పెద్ద ప్రమాదం లేదు. కళ్లు మాత్రం జాగ్రత్త.

మన తీరానికి ఇంకో చిక్కు ఉంది. నెల్లూరులో ఎయిర్‌పోర్టు లేదు కదా, ఆకాశం మనదే అనుకుంటారు చాలామంది. డిజిటల్ స్కై మ్యాప్ తెరిస్తే సంగతి తెలుస్తుంది. షార్ రెడ్ జోన్, అంటే కేంద్రం అనుమతి లేకుండా గడ్డి పరక ఎత్తులో కూడా ఎగరేయకూడదు. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ ప్రయోగం చూడ్డానికి మనవాళ్లు వెళ్లడం మానలేదు. రాకెట్ లేచే రోజు సముద్రంలో వేటకి వెళ్లొద్దని మత్స్యకారులకే హెచ్చరికలు వెళ్తాయి. ఆ రోజు పులికాట్ గట్టు మీద నుంచి సినిమాటిక్ షాట్ కోసం డ్రోన్ లేపేవాడు తనకి మాత్రమే కాదు, రాష్ట్రంలోని ప్రతి హాబీ బిల్డర్‌కీ కేసు తెస్తాడు. ముసాయిదాలు రాసేవాళ్లకి కావాల్సింది సరిగ్గా అలాంటి వార్త ఒకటే. కృష్ణపట్నం పోర్టు, థర్మల్ ప్లాంటు వైపు కూడా మ్యాప్ చూడకుండా వెళ్లకండి. పులికాట్ ఫ్లెమింగోలు, నేలపట్టు గూడబాతుల జోలికి అసలే పోవద్దు. అవి రక్షిత ప్రాంతాలు, పైగా డ్రోన్ చప్పుడుకి గూళ్ల మీద నుంచి లేచిపోయిన పక్షి పిల్లల్ని ఎండకి వదిలేసినట్టే. ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్తే మంచి జూమ్ ఉన్న కెమెరా తీసుకెళ్లండి. ఫోన్ల గురించి అడిగేవాళ్లకి, పెరిస్కోప్ లెన్స్ ఉన్నది ఏదైనా ఈ పనికి సరిపోతుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. 2021 రూల్స్‌లో హాబీ బిల్డర్‌కి ఇచ్చిన చోటుని కొత్త చట్టంలోనూ, ఎవరి దయ మీదా ఆధారపడకుండా, అసలు చట్టంలోనే రాయాలి. 250 గ్రాముల లోపు దానికి టైప్ సర్టిఫికెట్ మాట ఎత్తకూడదు. అంతకంటే బరువైన దానికి ఫ్లైట్ కంట్రోలర్ నంబర్‌తో రిజిస్ట్రేషన్ గట్టిగా అడగండి, ఫోన్‌లో పది నిమిషాల్లో అయిపోయేలా చేయండి. రెడ్ జోన్‌లో ఎగరేసినవాణ్ని శిక్షించండి, ఎవరూ అడ్డు రారు. బల్ల దగ్గర కూర్చుని సోల్డరింగ్ చేసేవాణ్ని వదిలేయండి.

ఈలోగా మీ దగ్గర బిగించిన డ్రోన్ ఉంటే ఒక పని చేయండి. ఫ్లైట్ కంట్రోలర్, రిమోట్, ఈ రెంటి నంబర్లూ ఫొటో తీసి, పార్టుల బిల్లులతో పాటు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫొటో తీసేముందు బ్యాటరీ పీకేయండి.